క్యాన్సిల్ కొట్టినా "ఫాల్స్" అనే ఫైల్ తయారైతుంది, ఇంకో లాప్‌టాప్‌ల 1004 ఎర్రర్ వస్తుంది

మిల్లు_లెక్కలు (సోమవారం, రాత్రి 8:50)

అందరికీ నమస్తే. నేను మిర్యాలగూడ దగ్గర ఒక రైస్ మిల్లుల అకౌంట్స్ చూస్త. ప్రోగ్రామింగ్ చదువుకోలే, ఎక్సెల్‌ల మాక్రో రికార్డ్ చేసుకుంట అండ్ల ఒక ముక్క ఇండ్ల ఒక ముక్క మార్చుకుంట నేర్చుకున్న. రోజూ ధాన్యం కొనుగోలు షీట్ ఉంటది, రైతు పేరు, ఊరు, లారీ నంబర్, కాంట బరువు, తేమ, తరుగు, హమాలి, ఆఖరుకు రైతుకు కట్టే పైసలు. సాయంత్రం బటన్ నొక్కితె ఆ ఒక్క షీట్ కొత్త వర్క్‌బుక్‌ల కాపీ అయ్యి, ఎక్కడ సేవ్ చెయ్యాలని అడిగే డబ్బా వచ్చి, సేవ్ అయినంక అదే ఫోల్డర్‌ల పీడీఎఫ్ గూడ పడాలె.

నేను రాసుకున్న వరస ఇది, కోడ్‌ల, ఫైల్ పేర్లల్ల ఉన్నవి ఇంగ్లిష్ అక్షరాలే, ఇక్కడ తెలుగుల రాస్తున్న. ముందు షీట్ కాపీ. తర్వాత పేరు అనే వేరియబుల్‌ని స్ట్రింగ్ అని డిక్లేర్ చేసి, పేరు = అప్లికేషన్.గెట్‌సేవ్‌యాజ్‌ఫైల్‌నేమ్, ఫిల్టర్ ఎక్స్‌ఎల్‌ఎస్‌ఎక్స్ ఒక్కటే ఇచ్చిన. తర్వాత యాక్టివ్‌వర్క్‌బుక్.సేవ్‌యాజ్ పేరు. ఆఖరుకు ఎక్స్‌పోర్ట్‌యాజ్‌ఫిక్స్‌డ్‌ఫార్మాట్ తోని పీడీఎఫ్, దాని పేరు ఫోల్డర్ & "\పట్టీ " & ఫార్మాట్(డేట్, "డీడీ/ఎంఎం/వైవైవైవై").

రెండు బాధలు ఉన్నయి. ఒకటి, డబ్బాల క్యాన్సిల్ కొడితె ఆగాలె గద, ఆగకుంట డాక్యుమెంట్స్ ఫోల్డర్‌ల ఫాల్స్ అని ఒక ఎక్సెల్ ఫైల్ పడుతుంది, దాని పక్కకు పీడీఎఫ్ గూడ పడుతుంది. రెండోది ఇంకా పెద్దది. నా సిస్టమ్‌ల రెండు నెలల సంది పీడీఎఫ్ మంచిగ వస్తున్న అదే మాక్రో, ఓనర్ కొడుకు లాప్‌టాప్‌ల మాత్రం రన్‌టైమ్ ఎర్రర్ 1004 అని ఆగిపోతుంది. ఇద్దరం ఒకే ఆఫీస్ 365 వాడుతున్నం. ఫైల్ అదే, కోడ్ అదే. మూడు రోజుల సంది తల పట్టుకొని కూసున్న, సీజన్ టైం, రోజుకు నలభై యాభై లారీలు వస్తున్నయి, దయచేసి చూడుండ్రి.


కాకినాడ_మాక్రో (సోమవారం, రాత్రి 9:15)

మొదటిది తేలికేనండీ. ఆ డబ్బా పేరుకి "సేవ్ యాజ్" అని ఉంటుంది గానీ అది ఏదీ సేవ్ చెయ్యదు. మనం ఎక్కడ ఏ పేరు కొట్టామో ఆ మాట తెచ్చి చేతిలో పెడుతుంది, అంతే. ఓకే కొడితే పూర్తి పాత్ వస్తుంది, క్యాన్సిల్ కొడితే ఫాల్స్ అనే బూలియన్ (నిజం/అబద్ధం రకం) విలువ వస్తుంది. మీరేమో వేరియబుల్‌ని స్ట్రింగ్ (అక్షరాల మాట) అన్నారు, అందుకని ఆ ఫాల్స్ కాస్తా ఐదక్షరాల మాటగా మారిపోయింది, కింద సేవ్‌యాజ్ లైనుకి అది మామూలు ఫైలు పేరులాగే కనపడింది, పాత్ ఏమీ లేదు కాబట్టి అప్పుడున్న ఫోల్డర్లో పెట్టేసింది. మీ డాక్యుమెంట్స్‌లో పడుతున్నది అదేనండీ.

వేరియబుల్‌ని వేరియంట్ (ఏ రకం విలువైనా పట్టేది) అని మార్చండి. డబ్బా లైను అవ్వగానే, ఇఫ్ వేర్‌టైప్(పేరు) = వీబీబూలియన్ దెన్ ఎగ్జిట్ సబ్ అని ఒక్క లైను పెట్టండి. క్యాన్సిల్ అంటే నిజంగానే ఆగుతుంది.

ఇంకో మాటండీ, ముందు షీట్ కాపీ చేసి తర్వాత పేరు అడుగుతున్నారు. అలా అయితే క్యాన్సిల్ కొట్టినప్పుడల్లా సేవ్ కాని కొత్త వర్క్‌బుక్ ఒకటి తెరుచుకుని ఉండిపోతుంది. ముందు పేరు అడగండి, పేరు వచ్చాకే కాపీ చెయ్యండి.


ఆడిట్_ఆర్టికల్ (సోమవారం, రాత్రి 9:40)

రెండో ప్రాబ్లం గురించి, ఎర్రర్ బాక్స్‌లో 1004 కింద ఇంకా ఏం రాసి ఉంది? 1004 అనేది ఎక్సెల్‌లో చాలా తప్పులకి ఒకటే నంబర్, కింద ఉన్న వాక్యం చూస్తేనే ఏదైనా తెలుస్తుంది. డీబగ్ నొక్కితే ఏ లైన్ పసుపు రంగులోకి వస్తోందో అది కూడా చెప్పండి.


మిల్లు_లెక్కలు (సోమవారం, రాత్రి 10:05)

కాకినాడ అన్నా, మొదటిది సెట్ అయింది, వేరియంట్ అని పెట్టిన, క్యాన్సిల్ కొడితె ఆగుతుంది. కాపీ గూడ కిందికి జరిపిన. శానా థాంక్స్.

అక్కా, పీడీఎఫ్ లైన్ దగ్గర పసుపు వస్తుంది. రాసింది ఏందంటే "డాక్యుమెంట్ నాట్ సేవ్డ్, ది డాక్యుమెంట్ మే బి ఓపెన్, ఆర్ యాన్ ఎర్రర్ మే హావ్ బీన్ ఎన్‌కౌంటర్డ్ వెన్ సేవింగ్" అని. ఎక్సెల్ ఫైల్ మాత్రం సేవ్ అయితుంది, పీడీఎఫే పడుతలేదు.


పాత_బేసిక్ (మంగళవారం, ఉదయం 6:30)

డాక్యుమెంట్ మే బి ఓపెన్ అని అదే చెప్తోంది కదా. పీడీఎఫ్ రీడర్‌లో అదే పేరుతో ఫైల్ తెరిచి ఉంటే దాని మీద ఎక్సెల్ రాయలేదు. ఎక్స్‌పోర్ట్ లైన్ పాత పీడీఎఫ్ ఉంటే అడక్కుండానే దాని మీద రాసేస్తుంది, కానీ తెరిచి ఉంటే మాత్రం సరిగ్గా ఈ ఎర్రరే ఇస్తుంది. ఆ లాప్‌టాప్‌లో పీడీఎఫ్‌లన్నీ మూసేసి మళ్ళీ ట్రై చెయ్యండి.


మిల్లు_లెక్కలు (మంగళవారం, ఉదయం 9:20)

అన్ని మూసేసిన సార్, లాప్‌టాప్ రీస్టార్ట్ గూడ చేసిన. అసలు ఆ ఫోల్డర్‌ల ఇవ్వాల్టి తారీకుతోని పీడీఎఫ్ ఒక్కటి గూడ లేదు, ఇంక దేన్ని మూసేది. డెస్క్‌టాప్ మీద సేవ్ చేసిన, డీ డ్రైవ్‌ల చేసిన, పెన్‌డ్రైవ్‌ల గూడ చేసిన, ఎక్కడ చేసినా అదే ఎర్రర్.


డల్లాస్_నుంచి (మంగళవారం, ఉదయం 9:45)

వన్‌డ్రైవ్ ఆన్‌లో ఉందా ఆ లాప్‌టాప్‌లో? మా టీమ్‌లో ఇదే పెద్ద తలనొప్పి అయింది. వన్‌డ్రైవ్‌తో సింక్ అయ్యే ఫోల్డర్లో ఫైల్ ఉంటే వర్క్‌బుక్.పాత్ అడిగినప్పుడు సీ డ్రైవ్‌తో మొదలయ్యే పాత్ బదులు హెచ్‌టీటీపీఎస్ అని మొదలయ్యే వెబ్ అడ్రస్ వస్తుంది. చూడ్డానికి ఫైల్ మన సిస్టమ్‌లోనే ఉంటుంది, ఎక్స్‌ప్లోరర్‌లో కనిపిస్తుంది, కానీ మాక్రోకి మాత్రం అది ఇంటర్నెట్ అడ్రస్. దానికి వెనక స్లాష్ తగిలించి పేరు కలిపితే అటూ ఇటూ కాని పాత్ తయారవుతుంది, ఫైల్ ఉందో లేదో చూసే డిర్ ఫంక్షన్‌కి ఇస్తే ఎర్రర్ 52 వస్తుంది. కొత్త లాప్‌టాప్‌లలో డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్ రెండూ తెలియకుండానే వన్‌డ్రైవ్‌లోకి వెళ్ళిపోయి ఉంటాయి, ఒకసారి చూడండి.


ఆడిట్_ఆర్టికల్ (మంగళవారం, ఉదయం 10:10)

వన్‌డ్రైవ్ సంగతి నిజమే కానీ పెన్‌డ్రైవ్‌లో కూడా అదే ఎర్రర్ అన్నారు కదా, పెన్‌డ్రైవ్‌కి వెబ్ అడ్రస్ రాదు.

మనం ఊహిస్తూ కూర్చోవద్దు. పీడీఎఫ్ లైన్‌లో పేరుని అక్కడికక్కడే అతికిస్తున్నారు కాబట్టి అది చివరికి ఎలా తయారవుతోందో ఎవరికీ కనపడట్లేదు. దాన్ని ముందు ఒక వేరియబుల్‌లో పెట్టి, పీడీఎఫ్ లైన్‌కి పైన డీబగ్.ప్రింట్ ఆ వేరియబుల్ అని రాయండి. మాక్రో కోడ్ రాసే వీబీఏ ఎడిటర్‌లో కంట్రోల్ జీ కొడితే కింద ఇమీడియట్ విండో వస్తుంది, పేరు అందులో పడుతుంది. రెండు సిస్టమ్‌లలోనూ నడిపి రెండు లైన్లూ ఇక్కడ పెట్టండి. సేవ్ ఎర్రర్ ఏదైనా సరే నేను మొదట చేసేది ఇదే, పాత్‌ని కళ్ళతో చూడటం.


మిల్లు_లెక్కలు (మంగళవారం, మధ్యాహ్నం 1:30)

నా సిస్టమ్‌ల: డీ:\కొనుగోలు\పట్టీ 12-11-2024

ఓనర్ కొడుకు లాప్‌టాప్‌ల: డీ:\కొనుగోలు\పట్టీ 12/11/2024

కోడ్‌ల రెండు దిక్కుల స్లాష్ గీతలే ఉన్నయి, నేనే రాసిన. నా దాంట్ల అడ్డగీతలు ఎట్ల వస్తున్నయో అర్థమైతలేదు.


సిక్కోలు_మాస్టారు (మంగళవారం, మధ్యాహ్నం 2:05)

దొరికింది. తప్పు ఆ లాప్‌టాప్‌ది కాదు బాబూ, మీ సిస్టమ్ ఆ తప్పుని రెండు నెలలుగా దాచిపెట్టింది.

ఫార్మాట్ ఫంక్షన్‌లో మనం రాసే స్లాష్ అంటే స్లాష్ అక్షరం అని వీబీఏ అనుకోదు. "ఈ విండోస్‌లో తేదీ భాగాల మధ్య ఏ గుర్తు వాడుతున్నారో అది ఇక్కడ పెట్టు" అని దాని అర్థం. మీ సిస్టమ్‌లో రీజియన్ ఇంగ్లిష్ ఇండియా అని ఉండి తేదీ 12-11-2024 లాగా కనిపిస్తూ ఉంటుంది, గడియారం పక్కన చూడండి. అందుకని స్లాష్ రాసినా అడ్డగీత వచ్చింది. ఆ లాప్‌టాప్‌లో రీజియన్ అమెరికా అని ఉంటుంది, అక్కడ గుర్తు స్లాషే, అందుకని స్లాషే వచ్చింది.

ఇక ఫైల్ పేరులో స్లాష్ ఉండకూడదు, విండోస్ దాన్ని ఫోల్డర్ మారే చోటుగా లెక్క వేస్తుంది. అంటే "పట్టీ 12" అనే ఫోల్డర్‌లో "11" అనే ఫోల్డర్‌లో "2024" అనే ఫైల్ పెట్టమని అడిగినట్టు అయింది. ఆ ఫోల్డర్లు లేవు కాబట్టి సేవ్ కాలేదు. ఎక్సెల్ ఏమో డాక్యుమెంట్ ఓపెన్ ఉందేమో అని ఇంకో దారి చూపించింది.

మందు ఒక్క లైనే. ఫార్మాట్(డేట్, "వైవైవైవై-ఎంఎం-డీడీ") అని అడ్డగీతలతో రాయండి, అడ్డగీత ఎక్కడైనా అడ్డగీతగానే ఉంటుంది. సంవత్సరం ముందు పెట్టమని ఎందుకు అంటున్నానంటే, ఫోల్డర్‌లో పేరు వరసలో పెట్టినప్పుడు తేదీ వరస కూడా అదే వస్తుంది. రోజు ముందు పెడితే అన్ని నెలల ఒకటో తారీకులూ ఒక చోట గుంపు కడతాయి. మా స్కూల్లో మధ్యాహ్న భోజనం లెక్కల ఫైళ్ళు అలా కలగలిసిపోయి ఒక ఏడాది అంతా వెతుక్కున్నాం.


మిల్లు_లెక్కలు (మంగళవారం, మధ్యాహ్నం 2:40)

మాస్టారూ, మీ కాళ్ళకు దండం. ఆ లాప్‌టాప్ అమెరికా నుంచి తెచ్చిందే, గడియారం దగ్గర 11/12/2024 అని ఉంది, నెల ముందు ఉంది. గీత మార్చిన, పీడీఎఫ్ పడ్డది. రెండు దిక్కుల పడ్డది.


కాకినాడ_మాక్రో (మంగళవారం, మధ్యాహ్నం 3:00)

ఇది నాకూ తెలీదండీ, ఇన్నేళ్ళుగా వాడుతున్నాను. టైమ్‌కి పెట్టే కోలన్ కూడా ఇంతేనన్నమాట. ఫైలు పేరులో గంట నిమిషం పెట్టాలని హెచ్‌హెచ్:ఎన్‌ఎన్ అని రాస్తుంటారు చాలామంది, కోలన్ ఫైలు పేరులో అసలు కుదరదు, అక్కడ కూడా అడ్డగీతే పెట్టాలి.


సిక్కోలు_మాస్టారు (మంగళవారం, మధ్యాహ్నం 3:20)

అవును. స్లాష్, వెనక స్లాష్, కోలన్, నక్షత్రం, ప్రశ్నార్థకం, డబుల్ కోట్, చిన్నది పెద్దది గుర్తులు, నిలువు గీత, ఇవి విండోస్ ఒప్పుకోదు. వీటికి తోడు ఎక్సెల్ స్క్వేర్ బ్రాకెట్లు కూడా ఒప్పుకోదు, ఎందుకంటే ఫార్ములాలో ఇంకో వర్క్‌బుక్ పేరు చెప్పడానికి వాటినే వాడుతుంది. పాత్ అంతా కలిపి 218 అక్షరాలు దాటినా ఎక్సెల్ సేవ్ చెయ్యదు, ఫోల్డర్ లోపల ఫోల్డర్ పెట్టుకుంటూ పోయే ఆఫీసుల్లో ఇది తగులుతుంది. పేరు సెల్‌లోంచి తీసుకుంటుంటే, అంటే రైతు పేరో పార్టీ పేరో కలుపుతుంటే, రీప్లేస్ ఫంక్షన్‌తో ఈ గుర్తులన్నీ తీసేసి కలపాలి. బిల్లు నంబర్లలో స్లాష్ ఉండటం మన దగ్గర మామూలే కదా.


పాత_బేసిక్ (మంగళవారం, సాయంత్రం 5:45)

నా మాట కూడా వినండి. ఈ గెట్‌సేవ్‌యాజ్‌ఫైల్‌నేమ్ కంటే అప్లికేషన్.ఫైల్‌డైలాగ్ వాడటం మేలు. షో అంటే డబ్బా వస్తుంది, ఓకే కొడితే మైనస్ ఒకటి, క్యాన్సిల్ అయితే సున్నా వస్తుంది, ఫాల్స్ గొడవే లేదు. ఎగ్జిక్యూట్ అంటే అదే సేవ్ చేస్తుంది. లేదంటే నా దగ్గర 2003 కాలం నుంచి వాడుతున్న విండోస్ ఏపీఐ కోడ్ ఉంది, సేవ్ డబ్బాని నేరుగా విండోస్ నుంచే పిలుస్తుంది, కావాలంటే పెడతాను.


ఆడిట్_ఆర్టికల్ (మంగళవారం, సాయంత్రం 6:20)

సార్, ఫైల్‌డైలాగ్‌లో సేవ్‌యాజ్ రకం డబ్బాకి ఒక పెద్ద లోటు ఉంది. ఫిల్టర్స్.యాడ్ దానికి పనిచెయ్యదు, ఎర్రర్ వస్తుంది. ఎక్సెల్‌కి తెలిసిన ఫార్మాట్లన్నీ ఆ లిస్టులో వస్తాయి, మనం తీసెయ్యలేం, ఫిల్టర్‌ఇండెక్స్ నంబర్ ఇచ్చి మొదట ఏది కనపడాలో చెప్పగలం అంతే. ఆ నంబర్ కూడా ఎక్సెల్ వెర్షన్ మారితే వేరే ఫార్మాట్ మీద పడొచ్చు. వాడేవాళ్ళు అందులో ఏ సీఎస్‌వీనో ఎంచుకుంటే రంగులూ ఫార్ములాలూ పోయి ఒక్క షీట్ మిగులుతుంది. మిల్లు తమ్ముడికి ఎక్స్‌ఎల్‌ఎస్‌ఎక్స్ ఒక్కటే కావాలి కాబట్టి గెట్‌సేవ్‌యాజ్‌ఫైల్‌నేమే సరిపోతుంది, ఫిల్టర్ మన చేతిలో ఉంటుంది. ఫోల్డర్ ఒక్కటే అడగాల్సి వస్తే మాత్రం ఫైల్‌డైలాగ్‌లో ఫోల్డర్‌పికర్ నాకూ ఇష్టం.

ఫిల్టర్ రాసేటప్పుడు ఒకటి గుర్తుంచుకోండి, వివరణ కామా నక్షత్రం చుక్క ఎక్స్‌ఎల్‌ఎస్‌ఎక్స్, ఇలా జంటగా రాయాలి. వేరే లాంగ్వేజీల నుంచి వచ్చినవాళ్ళు కామా బదులు నిలువు గీత పెడతారు, ఎక్సెల్ ఒప్పుకోదు. ముందుగా చూపించే పేరుకి పెట్టే ఎక్స్‌టెన్షన్ కూడా ఫిల్టర్‌లో ఉన్నదే అయి ఉండాలి, లేకపోతే పేరు గడి ఖాళీగా వస్తుంది.

ఏపీఐ కోడ్ మాత్రం వద్దు సార్. 64 బిట్ ఆఫీస్‌లో ఆ పాత డిక్లేర్ లైన్లు కంపైల్ కూడా అవ్వవు, పీటీఆర్‌సేఫ్ పెట్టాలి, పాయింటర్లు ఉన్న చోటల్లా లాంగ్ తీసి లాంగ్‌పీటీఆర్ చెయ్యాలి. ఆఫీస్ 2010 నుంచి ఈ మార్పు వచ్చింది.


పాత_బేసిక్ (మంగళవారం, సాయంత్రం 6:50)

ఫిల్టర్ల మాట సరైనదే అమ్మా, నేను ఫోల్డర్ ఎంచుకోవడానికే ఎక్కువ వాడతాను కాబట్టి అది నాకు తగల్లేదు. ఏపీఐ వెనక్కి తీసుకుంటున్నా.


మిల్లు_లెక్కలు (మంగళవారం, రాత్రి 9:10)

ఇంకొకటి అడుగుత. ఇవ్వాల సాయంత్రం రెండోసారి అదే పేరుతోని సేవ్ చేసిన, ఇప్పటికే ఫైల్ ఉంది రీప్లేస్ చెయ్యాల్నా అని అడిగింది, నో కొట్టిన, మళ్ళా 1004 వచ్చి డీబగ్ డబ్బా తెరిచింది. ఓనర్ కొడుకు ఆ పసుపు లైన్ చూసి భయపడి ఫోన్ చేసిండు. యూట్యూబ్‌ల చూస్తె డిస్‌ప్లేఅలర్ట్స్ ఫాల్స్ పెట్టమని ఉంది, పెట్టన్నా?


ఆడిట్_ఆర్టికల్ (మంగళవారం, రాత్రి 9:35)

తమ్ముడూ, అది పెట్టే ముందు ఇది పూర్తిగా చదువు.

డిస్‌ప్లేఅలర్ట్స్ ఫాల్స్ అంటే ఎక్సెల్ ప్రశ్నలు అడగడం మానేస్తుంది, అడగాల్సిన చోట తనకి నచ్చిన జవాబు తనే ఇచ్చేసుకుంటుంది. రీప్లేస్ చెయ్యాలా అన్న చోట ఎస్ అనుకుంటుంది, పాత ఫైల్ పోతుంది, నీకు తెలీదు. నేను సీఏ ఆర్టికల్‌షిప్‌లో చేరిన కొత్తలో ఒక క్లయింట్ ఫైల్‌లో మాక్రోలు రాశాను, జీఎస్టీ రికన్సిలియేషన్‌కి, దగ్గర దగ్గర మూడు వారాల పని. చివర్లో క్లయింట్‌కి పంపడానికి ఎక్స్‌ఎల్‌ఎస్‌ఎక్స్‌గా సేవ్ చేసే బటన్ పెట్టాను, దిస్‌వర్క్‌బుక్.సేవ్‌యాజ్ అని రాసి ఫైల్‌ఫార్మాట్ 51 ఇచ్చాను. మామూలుగా అయితే మాక్రోలు పోతాయి, పర్వాలేదా అని ఎక్సెల్ అడుగుతుంది. నేను అలర్ట్స్ ఆపేశాను కాబట్టి అడగలేదు. సేవ్‌యాజ్ అయ్యాక తెరిచి ఉన్నది పాత ఫైల్ కాదు, కొత్త ఎక్స్‌ఎల్‌ఎస్‌ఎక్స్ ఫైలే. ఆ సాయంత్రం నుంచి రాసిన కోడ్ అంతా అందులోనే రాసుకుంటూ కంట్రోల్ ఎస్ కొట్టుకుంటూ కూర్చున్నాను. మూసి మర్నాడు తెరిస్తే ఒక్క మాడ్యూల్ లేదు. పాత ఎక్స్‌ఎల్‌ఎస్‌ఎమ్ ఫైల్ అలాగే ఉండబట్టి మిగతాది దొరికింది, ఆ సాయంత్రం నుంచి రాసింది మాత్రం మళ్ళీ చేశాను, ఆ రాత్రి ఆఫీసులోనే ఏడ్చాను.

అందుకే అలర్ట్స్ ఆపితే సేవ్‌యాజ్ లైన్‌కి ముందు ఆపి, వెంటనే కింద లైన్‌లో ట్రూ చెయ్యాలి. ఆపే ముందు ఫైల్ ఉందో లేదో మనమే చూసి, ఉంటే మెసేజ్ బాక్స్‌తో మనమే అడగాలి, నో అంటే మర్యాదగా ఎగ్జిట్ సబ్. సేవ్‌యాజ్ ఎప్పుడూ కాపీ అయిన కొత్త వర్క్‌బుక్ మీదే, అసలు ఫైల్ మీద కాదు. అసలు ఫైల్‌కి బ్యాకప్ కావాలంటే సేవ్‌కాపీయాజ్ వాడు, దాంతో తెరిచి ఉన్న ఫైల్ పేరు మారదు. కాకపోతే ఫార్మాట్ మార్చలేదు, ఎక్స్‌ఎల్‌ఎస్‌ఎమ్ ఉంటే ఎక్స్‌ఎల్‌ఎస్‌ఎమ్‌గానే పేరు పెట్టాలి.


కాకినాడ_మాక్రో (మంగళవారం, రాత్రి 10:00)

అక్క చెప్పింది నూటికి నూరు పాళ్ళు నిజమండీ. ఫైల్‌ఫార్మాట్ నంబర్ కూడా తప్పకుండా ఇవ్వండి, ఎక్స్‌ఎల్‌ఎస్‌ఎక్స్‌కి 51, ఎక్స్‌ఎల్‌ఎస్‌ఎమ్‌కి 52, ఎక్స్‌ఎల్‌ఎస్‌బీకి 50, పాత ఎక్స్‌ఎల్‌ఎస్‌కి 56. పేరు చివర ఉన్న ఎక్స్‌టెన్షన్ ఒకటీ లోపలి ఫార్మాట్ ఒకటీ అయితే ఎక్సెల్ 2007 నుంచి ఊరుకోవట్లేదు, అక్కడా 1004 ఇస్తుంది. ఇంకోటండీ, అదే పేరున్న వర్క్‌బుక్ ఇప్పటికే తెరిచి ఉంటే, వేరే ఫోల్డర్‌లో ఉన్నా సరే, ఎక్సెల్ ఆ పేరుతో సేవ్ చెయ్యనివ్వదు. నిన్నటి షీట్ చూసుకుంటూ మూయడం మర్చిపోతే ఇది వస్తుంది.


సిక్కోలు_మాస్టారు (బుధవారం, ఉదయం 7:15)

ఈ సందర్భంలో నాదీ ఒక సందేహం. ఆ డబ్బా పైన టైటిల్ తెలుగులో పెడదామని చూశాను, మా స్కూల్లో అందరికీ "ఫైలు ఎక్కడ దాచాలి?" అని కనపడితే బాగుంటుంది కదా. వీబీఏ ఎడిటర్‌లో తెలుగు పేస్ట్ చేస్తే వరసగా ప్రశ్నార్థకాలు పడుతున్నాయి. ఎక్సెల్ సెల్‌లో మాత్రం తెలుగు చక్కగా వస్తోంది.


డల్లాస్_నుంచి (బుధవారం, ఉదయం 8:30)

మాస్టారూ, ఎడిటర్ ఇంకా పాత కాలపు పద్ధతిలోనే ఉంది, యూనికోడ్ (అన్ని భాషల లిపులూ పట్టే పద్ధతి) తీసుకోదు. విండోస్‌లో పాత కోడ్ పేజీలు కొన్ని భాషలకి ఉన్నాయి, తెలుగుకి అలాంటిది లేదు, అందుకని ఎడిటర్‌లో మన అక్షరం పెట్టిన చోటల్లా ప్రశ్నార్థకం మిగులుతుంది. లోపల వేరియబుల్ మాత్రం యూనికోడే. కాబట్టి టైటిల్ మాటని సెట్టింగ్స్ అని ఒక షీట్ పెట్టి అందులో ఒక సెల్‌లో రాయండి, కోడ్‌లో ఆ సెల్ విలువని టైటిల్‌కి ఇవ్వండి. లేదంటే సీహెచ్‌ఆర్‌డబ్ల్యూ ఫంక్షన్‌తో ఒక్కో అక్షరం కట్టాలి, తెలుగు అన్న మాటకే 3108, 3142, 3122, 3137, 3095, 3137 అని ఆరు నంబర్లు కావాలి, సెల్ పద్ధతే హాయి.

మెసేజ్ బాక్స్‌కి మాత్రం సెల్‌లోంచి ఇచ్చినా తెలుగు రాదు, అది పాత పద్ధతిలోనే చూపిస్తుంది. దానికి చిన్న యూజర్‌ఫామ్ చేసుకుని లేబుల్ మీద చూపించుకోండి.

మిల్లు తమ్ముడికి కూడా ఒక మాట. డబ్బాలో ఎవరైనా ఫైల్ పేరు తెలుగులో కొట్టొచ్చు కాబట్టి ఫైల్ ఉందో లేదో చూడటానికి డిర్ వాడొద్దు. డిర్‌కి తెలుగు పేరు ఇస్తే అది ప్రశ్నార్థకాలుగా మారి వెళ్తుంది, ఆ జవాబుని నమ్మలేం. క్రియేట్‌ఆబ్జెక్ట్‌తో స్క్రిప్టింగ్.ఫైల్‌సిస్టమ్‌ఆబ్జెక్ట్ తీసుకుని ఫైల్‌ఎగ్జిస్ట్స్ అడగండి, అది యూనికోడ్ పేర్లని సరిగ్గా చూస్తుంది. ఎప్పుడైనా సీఎస్‌వీ చెయ్యాల్సి వస్తే ఫార్మాట్ నంబర్ 6 కాదు, 62 ఇవ్వండి, అది యూటీఎఫ్ 8. ఆరు ఇస్తే రైతుల పేర్లన్నీ ప్రశ్నార్థకాలు అయిపోతాయి, ఒకసారి సేవ్ చేసి మూసేశాక వాటిని వెనక్కి తెచ్చే దారి లేదు.


సిక్కోలు_మాస్టారు (బుధవారం, సాయంత్రం 5:10)

సెల్‌లో పెట్టి ఇచ్చాను, డబ్బా మీద తెలుగు వచ్చింది. మా తెలుగు మేడం గారిని పిలిచి చూపించాను. ధన్యవాదాలు బాబూ.


మిల్లు_లెక్కలు (బుధవారం, రాత్రి 9:30)

అందరు చెప్పినట్టె వరస మార్చి రాసిన, ఎవరికన్న పనికొస్తదని పెడుతున్న.

ముందు పేరు అడుగుత, వేరియంట్. చూపించే పేరు "కొనుగోలు " & ఫార్మాట్(డేట్, "వైవైవైవై-ఎంఎం-డీడీ") & ఎక్స్‌టెన్షన్, ఫిల్టర్‌ల గూడ అదే ఎక్స్‌టెన్షన్. బూలియన్ అయితె అక్కడికే బయటికి. తర్వాత ఫైల్‌ఎగ్జిస్ట్స్, ఉంటె నేనే అడుగుత, నో అంటె బయటికి. అప్పుడు షీట్ కాపీ, కాపీ అయిన వర్క్‌బుక్‌ని సెట్ కొత్తది = యాక్టివ్‌వర్క్‌బుక్ అని పట్టుకుంట, ఇంక కిందికి అంత కొత్తది అనే పేరుతోనే. ఫార్ములాలు పాత ఫైల్‌కు లింక్ అయితున్నయి, అందుకని యూజ్డ్‌రేంజ్.వాల్యూ = యూజ్డ్‌రేంజ్.వాల్యూ అని విలువలు చేసిన. తర్వాత అలర్ట్స్ ఆపి, కొత్తది.సేవ్‌యాజ్ పేరు, 51, వెంటనే అలర్ట్స్ ట్రూ. ఆఖరుకు పీడీఎఫ్, దాని పేరు గూడ డబ్బాల వచ్చిన పేరు నుంచే తీసుకుంటున్న, ఎక్స్‌ఎల్‌ఎస్‌ఎక్స్ తీసి పీడీఎఫ్ పెడుతున్న, ఇంక తారీకు రెండోసారి రాసుడు లేదు.

ఓనర్ కొడుకు లాప్‌టాప్‌ల క్యాన్సిల్ కొట్టి చూసిన, ఉన్న పేరే ఇచ్చి నో కొట్టి చూసిన, ఎస్ కొట్టి చూసిన. ఒక్క ఎర్రర్ రాలే.

ఒక్కటి మిగిలింది. హాలియా దిక్కు మా రెండో కాంట ఉంది, ఆడి పిల్లగానికి ఫైల్ మెయిల్ చేసిన. తెరవంగనే పైన ఎర్ర పట్టీ వచ్చి మాక్రోలు బ్లాక్ చేసినం అని వస్తుందట, ఎనేబుల్ బటన్ గూడ లేదట.


ఆడిట్_ఆర్టికల్ (బుధవారం, రాత్రి 9:50)

మెయిల్ నుంచి, ఇంటర్నెట్ నుంచి వచ్చిన మాక్రో ఫైళ్ళని 2022వ సంవత్సరం నుంచి ఆఫీస్ అలాగే ఆపేస్తోంది. ఫైల్‌ని ముందు డిస్క్ మీద సేవ్ చేసి, మూసేసి, ఎక్స్‌ప్లోరర్‌లో దాని మీద రైట్ క్లిక్, ప్రాపర్టీస్, కింద అన్‌బ్లాక్ అని చిన్న గడి ఉంటుంది, టిక్ పెట్టి ఓకే అనమను. ఆ ఫైల్ నువ్వు పంపిందే అని ఫోన్‌లో ఖాయం చేసుకున్నాకే టిక్ పెట్టమని కూడా చెప్పు, వేరే ఎవరో పంపిన ఫైల్‌కి అలా చెయ్యకూడదు.


మిల్లు_లెక్కలు (గురువారం, ఉదయం 10:40)

టిక్ పెట్టించిన అక్కా, నడిచింది. పొద్దుగాల మొదటి లారీ పట్టీ ఆడికెల్లే పీడీఎఫ్ వచ్చింది నాకు.